రోము సాక్ష్యము చెల్లదు

గుంటూరు మొదలుకొని చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి దాక వ్యాపించిన నల్లరేగడి నేలలలో ప్రత్తి గాని మిరప గాని వేసి అప్పులపాలైన రైతు తన ప్రాణమును తానే తీసికొన్నప్పుడు, ఆ యింటి ముంగిట పరామర్శకు చేరినవారిలో ఒకరు కాకున్న నింకొకరు తప్పక పలికెడి వాక్యమొకటి కలదు: "పరువు గల మనిషి, అందుకే పోయాడు." పల్లెలో నిట్టూర్పుతో ముగియు ఈ మాట పట్టణమునకు వచ్చునప్పటికి పాండిత్యమును తోడు తెచ్చుకొనును. న్యాయవాదులును వైద్యులును అధ్యాపకులును విరివిగా నివసించు మా బ్రాడీపేట లైన్లలో, సంతాపసభలందును సాయంకాలపు సంభాషణలందును, ప్రాచీన రోమనులు మానమునకై ప్రాణమును తృణప్రాయముగా నెంచిరనియు, కేటో, సెనెకా వంటి మహాపురుషులు అవమానముకంటె మరణమే మేలని ఆచరించి చూపిరనియు, మన రైతు అట్టి మానధనుల కోవకు చెందినవాడనియు చెప్పుట పరిపాటియైనది. ఈ మాట అసత్యమని నా వాదము. రోమును గూర్చి అసత్యము. మన పూర్వులను గూర్చి అసత్యము. అన్నింటికంటె ముఖ్యముగా, చనిపోయిన ఆ రైతును గూర్చి అసత్యము.

ఈ మాట పలుకువారు దయలేనివారని నేననను. పిరికివాడన్న నిందనుండి చనిపోయినవానిని కాపాడవలెననియే వారి తలంపు. ఆ తలంపు మంచిదే. కాని నిందింపకుండుటకును స్తుతించుటకును నడుమ చాల దూరమున్నది. మనవారు ఆ దూరమును ఒక్క అంగలో దాటుచున్నారు. దాటినంతనే, మరణమునకు కారణమైనదంతయు కనుమరుగై, మరణించినవాని స్వభావమొక్కటే మిగులుచున్నది. విత్తనము నమ్మినదెవరు, మందు పురుగుమీద ఎందుకు పనిచేయలేదు, నూటికెంత వడ్డీకి నోటు వ్రాసినాడు, భూమి యెవరిది, కౌలెంత, అను ప్రశ్నలు అడుగవలసిన నోళ్లే ఆ ఒక్క మాటతో తృప్తిపడి ఊరకుండుచున్నవి.

మొదట రోము సంగతి చూతము. కేటోను సాక్షిగా పిలుచువారు ఆ సాక్షి కథను పూర్తిగా వినవలెను. క్రీ.పూ. 46లో ఆఫ్రికా తీరమున థాప్సస్ యుద్ధములో తన పక్షము ఓడిన పిదప, ఉటికా నగరమున నున్న కేటో, విజేతయైన సీజరు క్షమాభిక్షకు లోబడనొల్లక ప్రాణత్యాగము చేసెను. ఆయనను బాధించినది అప్పు గాదు, పంటనష్టము గాదు, ఇరుగుపొరుగు వారి చులకన చూపు గాదు. పౌరులు సమానులై పాలించుకొనవలసిన రాజ్యమున ఒకడు మరియొకనికి ప్రాణభిక్ష పెట్టు నధికారము గలవాడగుట అధర్మమనియు, ఆ భిక్షను స్వీకరించినచో ఆ యధికారమును అంగీకరించినట్లే యగుననియు ఆయన తలచెను. అది రాజ్యాంగమును గూర్చిన పట్టుదల. ఇక మన వక్తలు విడిచిపెట్టు భాగమొకటి కలదు. ప్లూటార్కు వ్రాసిన జీవితచరిత్ర చదివినచో, ఆ చివరి దినములలో కేటో చేసిన పని యంతయు ఇతరులను బ్రతికించుటయే యని తేటపడును: ఓడలు సమకూర్చెను, తన వారిని రేవునుండి సాగనంపెను, ప్రయాణమునకు చేత సొమ్ము లేనివారి అవసరములు కనుగొనెను. తన వెంట రమ్మని యెవ్వరిని కోరలేదు. ఆయన కుమారుడు సీజరు క్షమను పొంది జీవించెను.

అదే పక్షమున నిలిచి ఓడిన సిసిరో సీజరు క్షమను స్వీకరించి ఇంటికి వచ్చెను. పరువు లేనివాడని రోము ఆయనను వెలివేసెనా? వేయలేదు. క్రీ.పూ. 45, 44 సంవత్సరములలో ఆయన కూర్చుండి వ్రాసిన తాత్త్విక గ్రంథములే రెండువేల యేండ్లుగా ఐరోపా చదువుచున్నది. అంటోనీకి ఎదురు నిలిచి చేసిన ప్రసంగములు ఆ తరువాతివే. ఉటికాలో ఆయనయు కేటోతో పాటు పోయియుండినచో అవేవియు లేవు. అంతేకాదు. మనుష్యధర్మములను గూర్చి తాను వ్రాసిన గ్రంథమున సిసిరో, కేటో స్వభావమునకు ఆ మరణము తగియుండవచ్చును గాని, అదే పరిస్థితిలో ఇతరులు అట్లు చేసియుండినచో దోషముగా ఎంచబడి యుండెడిదని స్పష్టముగా చెప్పినాడు. కేటోను మిక్కిలి మెచ్చినవారిలో ఒకడైన సిసిరోయే ఆ మరణమును ఒక్కనికి పరిమితము చేసి, దానిని విధిగా మార్చుటకు నిరాకరించినాడు. రెండువేల యేండ్ల తరువాత దానిని నరసరావుపేట రైతుకు అంటగట్టుటకు మనకేమి యధికారము కలదు?

సెనెకా సంగతి ఇంకను విషాదకరము. క్రీ.శ. 65లో నీరో చక్రవర్తి, తనపై జరిగిన కుట్రలో పాలుపంచుకొనెనన్న అనుమానముతో, తన గురువును చావుమని ఆజ్ఞాపించెను. అది మరణశిక్ష, శిక్షను అమలుజరుపు భారమును శిక్షితుని మీదనే మోపిన క్రూరశిక్ష. దానిని స్వేచ్ఛామరణమని పిలుచుట చంపినవానిని మరచుటయే. అంతకు పూర్వము టైబీరియస్ కాలమునాటి స్థితిని టాసిటస్ చరిత్రకారుడు కప్పిపుచ్చక వ్రాసినాడు: తీర్పు వెలువడి శిక్షపడినవారికి అంత్యక్రియలు నిషిద్ధములు, ఆస్తి జప్తు, తీర్పునకు ముందే మరణించినవారికి అంత్యక్రియలు దక్కుచుండెను, వారి వీలునామాలు చెల్లుచుండెను. అట్టి చట్టము నీడలో ప్రభుకుటుంబములవారు ప్రాణములు విడిచిరి. ఆ మరణములను చూచి "మానము, మానము" అని మురియువారు, వారి మెడపై కూర్చున్న రాజశాసనమును చూడజాలకున్నారు.

సామాన్య రోమనుల మాట మన వక్తలకు పట్టదు. వారికి జీవితచరిత్రలు వ్రాసినవారు లేరు గదా. అయినను వారి శిలాశాసనములు మిగిలియున్నవి. రోము నగరమునకు సమీపమున లనూవియం అను ఊరిలో క్రీ.శ. 136 నాటి శాసనమొకటి దొరికినది. పేదలును బానిసలును కూడి ఏర్పరచుకొన్న ఉత్తరక్రియల సంఘము నియమావళి యది. చేరునప్పుడు నూరు సెస్టర్సులును ఒక కూజా మంచి ద్రాక్షసారాయమును ఇయ్యవలెను. పిదప నెలనెలకు ఐదు రాగి నాణెములు కట్టవలెను. సభ్యుడు చనిపోయినచో మూడువందల సెస్టర్సులు వాని అంత్యక్రియలకు సంఘమిచ్చును. బానిసయైన సభ్యుడు చనిపోగా యజమాని మొండికెత్తి శవము నప్పగింపకున్నచో, ప్రతిమకైనను సంస్కారము చేయుదుమని వ్రాసికొన్న దయార్ద్రహృదయులు వారు. అట్టివారు ఆ నియమావళిలోనే, ఏ కారణము చేతనైనను తన ప్రాణమును తాను తీసికొన్నవానికి ఈ సొమ్ము చెల్లదని శాసించుకొనిరి. బానిసల నమ్ము అంగడిలో, ఒకప్పుడు ఆత్మహత్యకు యత్నించిన బానిసను అమ్మువాడు ఆ సంగతి కొనువానికి ముందుగా చెప్పి తీరవలెనని అధికారుల ఉత్తరువు. సైనికుడు అట్టి యత్నము చేసి బ్రతికినచో, హేడ్రియన్ చక్రవర్తి ఆదేశము ప్రకారము వానిని అవమానకరముగా కొలువునుండి తొలగింతురు. తగిన కారణము చూపలేనిచో మరణదండనయే. ఈ నిబంధనలు దయలేనివి. వీనిని ఆదర్శములుగా చూపుట నా యుద్దేశము గాదు. రోమనులందరు ఆత్మహత్యను గౌరవచిహ్నముగా నెంచిరను మాట ఎంత డొల్లయో తెలియుటకు ఇవి చాలును. ఇక రోమనుల జాతీయకవియైన వర్జిల్ తన మహాకావ్యము ఆరవ సర్గములో పరలోకమును వర్ణించుచు, తమంత తాము ప్రాణములు విడిచినవారు అచట దుఃఖించుచు, వెలుగులోనికి మరలి వచ్చి పేదరికమునైనను కాయకష్టమునైనను భరింప వేడుకపడుచున్నట్లు చెప్పినాడు. "బతికి ఉంటే బలుసాకు తినైనా బతకవచ్చు" అని మన పల్లెలలో ముసలమ్మలు చెప్పుచుండునది ఆ తలపునకు దూరమైనది గాదు.

అన్నింటికంటె మన ప్రశ్నకు దగ్గరగా వచ్చునది రోమను ధర్మశాస్త్రము. జస్టీనియన్ సంకలనములో పౌలస్ అను న్యాయవేత్త వాక్యమొకటి భద్రపరుపబడియున్నది. నేరము బయటపడునన్న భీతితో ప్రాణము తీసికొన్నవాని ఆస్తి ఖజానాకు పోవునట! కాని బ్రతుకుపై విసుగు చేత గాని, వ్యాధి బాధ నోర్వలేక గాని, అప్పును గూర్చిన సిగ్గు చేత గాని అట్లు చేసినవాని ఆస్తిని ఎవ్వరును ముట్టరాదు. అది వారసులకే చెందవలెను. అప్పును గూర్చిన సిగ్గు! కావున ఋణభారము చేత చనిపోయిన మనుష్యుడు రోమునకు తెలియనివాడు గాడు. వానిని వారు ఏ పంక్తిలో కూర్చుండబెట్టిరి? కేటో పంక్తిలో గాదు. రోగపీడితుని పంక్తిలో, బ్రతుకు విసిగినవాని పంక్తిలో. వానికి విగ్రహము నెత్తలేదు, వాని భార్యాబిడ్డల జోలికి పోవలదని రాజుకు చెప్పిరి. దానితో ఆగక, అంతకు ముందే జూలియను శాసనము పేరిట ఋణగ్రస్తునికొక దారి చూపిరి: తన ఆస్తిని ఋణదాతలకు అప్పగించినవానిని చెరబట్టరాదు, వానికి అపకీర్తిముద్ర వేయరాదు. అప్పు తీర్చలేకపోవుట వేరు, పరువు పోవుట వేరు అని చట్టములో వ్రాసికొన్న జాతి యది. ఆ జాతిని సాక్షిగా తెచ్చి, అప్పుతో పాటు పరువును పోయినదనియు, పరువుతో పాటు ప్రాణమును పోవలెననియు వాదించుచున్నాము.

రోమును విడిచి మన చరిత్రకు వత్తము. ఇచటను మన వక్తలకు ఉదాహరణములు సిద్ధముగా నుండును. ఢిల్లీకి బందీగా పోవుచు 1323లో నర్మదా తీరమున ప్రతాపరుద్రుడు కన్నుమూసెను. ఆయన స్వేచ్ఛతోనే దేవలోకమునకేగెనని శతాబ్దము తరువాత రెడ్డిరాణి అనితల్లి కలువచేరు శాసనము చెప్పుచున్నది. 1757 జనవరిలో బొబ్బిలికోట పడినప్పుడు జరిగినది ఎరుగని తెలుగువాడు లేడు. శ్రీశైలమున వీరశిరోమండపము కలదు. కొండవీటి అనవేమారెడ్డి 1378 ప్రాంతమున కట్టించినాడు. వీరశైవ భక్తులు అచట తమ అవయవములను శిరస్సులను శివునకర్పించుచుండిరని శాసనము. కారెంపూడిలో ఏటేట కార్తికమాసమున పల్నాటి వీరుల ఆరాధన జరుగుచునేయున్నది. వీనిలో ఏదియు నాకు చిన్నది గాదు. అయినను ఆ వీరులలో నొక్కడైనను నూటికి మూడు రూపాయల వడ్డీ నోటు చేతబట్టుకొని తలుపు తట్టినవానికి భయపడి చావలేదు. వారి యెదుట కత్తి యుండెను, లేదా దైవముండెను. శ్రీశైల మండపమును గూర్చి మాత్రమొక మాట చెప్పక తప్పదు: ప్రాణములర్పించినవారు ఊరు పేరు మిగులని భక్తులు, మండపము కట్టించి శాసనము వ్రాయించుకొన్నవాడు రాజు. ఆత్మత్యాగమును పొగడు శిలలపై పొగడినవాని పేరే చెక్కబడియుండుట నేను చాల చోట్ల చూచినాను.

ఈ నేలలో రైతు పరువు అనగా నేమో తెలియగోరువారు కారెంపూడికంటె ముందు పెదనందిపాడు పోవలెను. 1922 ఆరంభమున పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున ఆ ఫిర్కా రైతులు సర్కారుకు శిస్తు కట్టము పొమ్మనిరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. సర్కారువారు సైనికులను ఊళ్లలో త్రిప్పిరి, ఆస్తులు జప్తుచేసిరి. జప్తు! అదే మాట విన్నంతనే నేటి రైతు లోపల చచ్చిపోవుచున్నాడు. నాటి రైతు తన పశువులను తోలుకొనిపోవుచుండగా వీధిలో నిలిచి చూచెను, ఊరంతయు అతని ప్రక్కన నిలిచెను, పరువు ఇనుమడించెను. పదునైదేండ్లు తిరుగగనే, నిడుబ్రోలు బిడ్డడైన ఎన్.జి.రంగా గారి ఉద్యమకాలమున, 1937-38లో రైతులు ఇచ్ఛాపురమునుండి మద్రాసు దాక కాలినడకన పోయిరి. తమ ఋణబాధలను ఊరూర బహిరంగముగా చెప్పుకొనిరి. 1938లో మద్రాసు రాష్ట్రమున వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము వచ్చినది, పేరుకొన్న వడ్డీలు తగ్గినవి. అప్పును సిగ్గుగా దాచుకొన్నచో ఆ చట్టము వచ్చియుండెడిది గాదు. నాటి తాతలు వీధిలో చెప్పుకొన్న కష్టమును నేటి మనుమడు కట్టుకొన్న భార్యకైనను చెప్పుకొనలేక పోవుటకు, నడుమ మనము నేర్పిన ఈ పరువు పాఠమే కొంత కారణమని నా దృఢవిశ్వాసము.

ఇప్పుడు ఆ రైతు దగ్గరకు వత్తము. 1980-90 దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి విపరీతముగా విస్తరించినది. ఎం.సి.యు. 5 వంటి పొడవు పింజ రకములు, దీర్ఘకాలపు పంట, దానిపై కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు. మొదటి రెండు మూడేండ్లు మందు అద్భుతముగా పనిచేసినది, రైతు నమ్మినాడు. పైరుకు మేలుచేయు పురుగులును నశింపగా తెల్లదోమ విజృంభించినది. దానిపై మరల మందు, మందుపై మందు. ఇరువది మార్లకు పైగా పిచికారి చేసిన చేలు కలవు. 1987-88 పంటకాలమున శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగకపోయెను. ఈ జిల్లాల పొలములనుండి సేకరించిన పురుగులపై శాస్త్రజ్ఞులు చేసిన పరీక్షలలో, అవి పైరిత్రాయిడ్లను తట్టుకొను శక్తి సంతరించుకొన్నవని తేలినది. అనగా, ఆ యేడు చేనిలో నిలిచి డబ్బా వెనుక డబ్బా చల్లిన రైతు సోమరి గాడు, మూర్ఖుడు గాడు. అప్పటికే చచ్చిన మందును సజీవమని నమ్మి కొన్నవాడు. ఆ యేటనే ఈ మైదానములో ప్రత్తిరైతుల ఆత్మహత్యలు దేశము దృష్టికి వచ్చినవి. పదేండ్లకు 1997-98లో వరంగల్లున లద్దెపురుగుతో అదే కథ పునరావృతమయ్యెను. 2021-22లో మిరపపై నల్లతామర పురుగు విరుచుకుపడి పూతను పూతగానే మాడ్చివేసినప్పుడు గుంటూరు జిల్లా కౌలురైతు మరల అదే అంచున నిలిచెను. పురుగు మారినది, పంట మారినది. వరండాలలో పలుకు వాక్యము మాత్రము మారలేదు.

ఆ రైతు వ్రాసియిచ్చు నోటును ఒకసారి చేతబట్టి చూడవలెను. అరఠావు కాగితము, క్రింద రెవెన్యూ స్టాంపు, స్టాంపుమీదుగా సంతకము. తరచుగా ఆ సంతకము ప్రక్కనే భార్య వ్రేలిముద్ర. వడ్డీ నెల ఒకటికి నూటికి మూడు రూపాయలనుకొందము. నోటు గడువు మూడేండ్లు. అంతలో తీరనిచో కాలదోషము పట్టకుండ వడ్డీని అసలులో కలిపి నోటు తిరగవ్రాయింతురు. లక్ష రూపాయలు మూడేండ్లకు 2,08,000 అగును. మరల తిరగవ్రాసినచో ఆరవ యేటికి 4,32,640. నడుమ రైతు తీసికొన్నది ఆ మొదటి లక్షయే. ఎరువులు, మందులు ఖాతామీద ఇచ్చిన కొట్టువానికే పంట అమ్మవలెనన్న కట్టడి కొన్నిచోట్ల కలదు. ధర యెంతయో అతడే చెప్పును. మిరప టిక్కీలు యార్డునకు చేరునప్పటికి దలారీ పద్దులో వానిపై సగము వ్రాసియే యుండును. కౌలురైతైనచో చేను చేతికి రాకమునుపే కౌలు కట్టియుండును. 2011 చట్టము ఋణార్హత కార్డు ఇచ్చుటకు ఏర్పడినది, 2019 చట్టము సాగుదారు హక్కు పత్రమును తెచ్చినది. ఈ రెండవదానికి భూయజమాని సంతకము కావలెను, ఆ సంతకము పెట్టు యజమానులు అరుదు. కార్డు లేనివానికి బ్యాంకు అప్పు లేదు, నోటే గతి. ఈ వరుసలో ఎచ్చోటనైనను పరువు అను పదార్థము కనబడుచున్నదా? నాకు కనబడుట లేదు. కనబడునది లెక్క, ఎవ్వరికి వచ్చినను మెడకు బిగియు లెక్క.

ఇదే గుంటూరు పట్టణములో వ్యాపారి దివాలా తీసినప్పుడు ఏమి జరుగుచున్నదో అందరెరిగినదే. "ఐ.పి. పెట్టాడు" అందురు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము క్రింద కోర్టులో అర్జీ వేసి, ఉన్నదేమో చూపి, రక్షణ కోరును. కొన్నాళ్లు జనులు గొణుగుదురు. మూడు నాలుగేండ్లకు మరియొక పేరుతో కొట్టు తెరచును, పెండ్లిండ్లకు పిలుపులు వచ్చును. మోసము చేసి ఐ.పి. పెట్టువారిని నేను సమర్థింపను. వారి వలన మునిగినవారిలో రైతులును ఉన్నారు. కాని ఆ చట్టము మోసగానికై పుట్టలేదు, నిజముగా చితికిపోయినవానికై పుట్టినది. ఐదువందల రూపాయలకు పైబడిన అప్పును తీర్చలేని యెవ్వడైనను ఆ గుమ్మము తొక్కవచ్చును. అంతమాత్రమే గాదు. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము రైతు నివసించు ఇల్లు, అరక, సేద్యమునకు కావలసిన పశువులు, విత్తనపు గింజలు జప్తు చేయరాదు. చిత్తశుద్ధి గల్గియు చెల్లించు శక్తిలేనివానిని అప్పుకొరకు చెరసాలలో పెట్టుట జీవించు హక్కునకు విరుద్ధమని 1980లో జాలీ జార్జి వర్గీసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. తండ్రి ఋణము కొడుకు ధర్మమన్న ఒక్క కారణమున కొడుకుపై దావా సాగదని 2005 హిందూ వారసత్వ సవరణ చట్టము చెప్పినది. ఇన్ని దారులుండగా, వానిని తొక్కినవానిని పరువు తక్కువవాడని చెప్పి, ఏ దారియు తొక్కక ప్రాణము పోగొట్టుకొన్నవానిని పరువు గలవాడని చెప్పు సమాజము, ఏ తలుపు మూసి ఏ తలుపు తెరచుచున్నదో ఒకసారి ఆలోచింపవలదా?

ప్రశంస కూడ బోధయే. చనిపోయినవాని వాకిట మనము పలుకు మాట చనిపోయినవాడు వినడు. వినునది ఆ గుంపులో వెనుక నిలుచున్నవాడు. అదే కొట్టులో ఖాతా గలవాడు, అదే మందు చల్లినవాడు, తన నోటు గడువు వచ్చు నెలలో నున్నదని ఎవ్వరికి చెప్పనివాడు. "పరువు గల మనిషి, అందుకే పోయాడు" అను మాట వాని చెవిని, పరువు గలవాడవైనచో నీవును పోవలెనని పడును. ఈ ఒక్క కారణము చాలును, ఆ మాట మన నోట రాకుండుటకు.

ఇక ఆ యింటి ఆడుదానికి ఆ మాట చేయు నపకారము వేరు. భర్త పోయినంత మాత్రమున అప్పు పోదు. కర్మకాండ ముగియకముందే నోటు పట్టుకొని వచ్చువారుందురు. ప్రభుత్వము 2004 జూన్ 1న 421వ జీవోతో లక్షన్నర, 2015లో ఐదు లక్షలు, 2019లో ఏడు లక్షలు అని సహాయమును పెంచుచు వచ్చినది. కాని ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి కూడిన సంఘము పంటకొరకే అప్పుచేసినాడనియు, సేద్యము చేసినాడనియు కాగితములు చూడనిదే నమ్మదు. కౌలుకు కాగితము లేదు, ప్రైవేటు అప్పునకు సాక్ష్యమిచ్చువాడు రాడు. ఆమె గొంతెత్తి ప్రతి నోటును, ప్రతి కొట్టు పేరును చెప్పవలసిన ఆ వేళ, పరువు గల యింటి కోడలు నోరు విప్పరాదని బంధువులే అడ్డుపడుచున్నారు. బ్రతికియుండగా అతని నోరు మూయించిన మాటయే, పోయినపిదప ఆమె నోటిని మూయించుచున్నది.

"అయితే వాడిని పిరికివాడంటారా?" అని నన్నడుగుదురు. అనను. మనస్సు ఆ స్థితికి చేరినవాడు తీవ్రమైన వ్యథలో నున్నట్లే భావింపవలెనని 2017 మానసిక ఆరోగ్య చట్టము 115వ సెక్షను చెప్పినది; యత్నించి బ్రతికినవానిని నేరస్థునిగా చూచిన పాత శిక్షాస్మృతి సెక్షను 2024 జూలై 1 నుండి మనకు లేదు. నింద పోయినది, పోవలసినదే. ఆ ఖాళీలో మనము స్తుతిని కూర్చుండబెట్టుచున్నాము. అతడు వీరుడును గాడు, పిరికివాడును గాడు. బాకీపడినవాడు, అలసినవాడు, ఒంటరివాడు. ఈ మూడింటికిని మందు కలదు. కీర్తి వానిలో దేనికిని మందు గాదు.

"ఆ ముసలి తల్లికి ఆ ఒక్క ఓదార్పునైనా మిగల్చరా?" అని మరికొందరు. కొడుకు గొప్పగా చనిపోయెనన్న మాటతో ఊరడిల్లిన తల్లిని నేనింతవరకు చూడలేదు. పిల్లవాని చదువు ఆగకుండుట చూచి, కౌలు బాకీ మాఫీయైనదని విని, కోడలికి పట్టా పాసుపుస్తకము చేతికి వచ్చినదని తెలిసి కొంత కుదుటపడిన తల్లులను చూచినాను.

కావున చదువరులకు నా మనవి ఇది. ఈసారి అట్టి యింటికి పోయినప్పుడు రోమును గూర్చి మాటలాడకుడు, పరువును గూర్చి మాటలాడకుడు. నోట్లెన్ని, వ్రాసినదెన్నడు, వడ్డీ యెంత అని ఆమె ప్రక్కన కూర్చుండి కాగితముమీద వ్రాసికొనుడు. విత్తనపు సంచి, మందు డబ్బా, కొట్టు బిల్లులు పారవేయనీయకుడు. అప్పు డిక్రీ క్రింద స్త్రీని అరెస్టు చేయరాదని సివిలు ప్రొసీజరు కోడు 56వ సెక్షను చెప్పుచున్నదని ఆమెకు వినిపింపుడు. ఇక ఆ గుంపులో వెనుక నిలిచి మౌనముగా నున్నవాడు కనబడినచో, వాని భుజముపై చేయి వేసి ఎంత బాకీ యని నేరుగా అడుగుడు. 14416 సంఖ్యకు పగలైనను రాత్రియైనను ఫోను చేసినచో తెలుగులో మాటలాడు మానసిక ఆరోగ్య సహాయకులు కలరని, ఆ పిలుపునకు డబ్బు లేదని చెప్పుడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ గుంటూరులోనే యున్నది. 1987 చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీ యైనచో ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయవాదిని ఉచితముగా నియమింతురు.